‘ఇందాకే ఇన్సులిన్ వేశారు కదా సిస్టర్’ అని అడగడం తప్పా?

ప్రశ్న: అమ్మా, మాది కాణిపాకం దగ్గర పల్లె. మా నాయనకు 64 ఏళ్ళు. పదేళ్ళుగా షుగరు, బీపీ. కాలి బొటనవేలికి పుండు పడి మానకపోతే పోయిన నెల తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఒక రోజు రాత్రి ఎనిమిదిన్నరకు, డ్యూటీ మారాక, కొత్త సిస్టర్ ఇన్సులిన్ వెయ్యడానికి వచ్చింది. ఏడున్నరకే ఇంకో సిస్టర్ వేసి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. ‘ఇందాకే వేశారు కదా సిస్టర్’ అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. ‘షీట్‌లో లేదు. నీకేం తెలుసు, నువ్వు డాక్టరా?’ అంది. నేను వదలకపోతే ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని, మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మా ఇంటాయన నన్నే తిట్టాడు. ‘వాళ్ళతో పెట్టుకుంటే రేపు మీ నాయన్ను సరిగ్గా చూస్తారా?’ అని. ఇంటికొచ్చిన నాలుగో రోజు తెల్లవారుజామున నాయన చెమటలు పట్టి బాత్రూమ్ దగ్గర పడిపోయాడు. చక్కెర నీళ్ళు తాగించాక తేరుకున్నాడు. తర్వాత చూస్తే అమ్మ పాత షుగరు మాత్రలూ, ఆసుపత్రిలో రాసిన కొత్త మాత్రలూ రెండూ వేస్తా ఉంది. వచ్చే నెల ఆ వేలు తీసెయ్యడానికి ఆపరేషన్ చేస్తామన్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఆసుపత్రిలో అడగడం తప్పా? ఆ సిస్టర్ మీద కంప్లైంట్ ఇవ్వాలా? ఆపరేషన్‌కు పోయినప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగింది తప్పు కాదు. ఆ రాత్రి మీ నాయనకు రెండోసారి ఇన్సులిన్ పడకుండా ఆగిందంటే మీరు నోరు తెరిచి అడిగినందువల్లే. గంట తేడాతో రెండు డోసులు పడి ఉంటే రాత్రి షుగరు బాగా పడిపోయేది. మెలకువగా ఉన్న మనిషైతే వణుకుతోందనో, ఆకలేస్తోందనో చెబుతాడు. నిద్రలో ఉన్న మనిషి ఏం చెబుతాడు? పక్కనున్నవాళ్ళు హాయిగా పడుకున్నాడనుకుంటారు. ఇంట్లో ఎవరేమన్నా సరే, ఆ రాత్రి అడిగినందుకు మీరు బాధపడవద్దు.

నేను ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పని చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం మన తిరుపతి, చిత్తూరు వైపే. అందుకని ఆ సిస్టర్ వైపు నుంచి కూడా ఆ రాత్రిని ఊహించగలను. మొదటి సిస్టర్ ఏడున్నరకు ఇన్సులిన్ వేసింది. షీట్‌లో రాసేలోపు పక్క మంచం వాళ్ళు పిలిచి ఉంటారు, లేదా కొత్త కేసు వచ్చి ఉంటుంది. ఎనిమిదికి డ్యూటీ దిగిపోయింది. రాత్రి డ్యూటీకొచ్చిన సిస్టర్ షీట్ తీసి చూస్తే ఆ గడి ఖాళీగా ఉంది. మా వృత్తిలో గడి ఖాళీగా ఉందంటే మందు పడలేదని లెక్క. ఆమె తన పని సరిగ్గా చేయడానికే మీ దగ్గరికి వచ్చింది. మీ మాట వినగానే ఆమెకు భయం వేసి ఉంటుంది, ఆ భయమే కోపంగా బయటికొచ్చింది. ‘నువ్వు డాక్టరా?’ అని రోగి తాలూకు మనిషిని ఎవరూ అనకూడదు, అది ఆమె తప్పే. కానీ చేతిలో సిరంజి పట్టుకుని కూడా ఆగి, ఫోన్ చేసి కనుక్కుంది చూడండి, అది మంచి నర్సు చేసే పని.

ఇంత నమ్మకంగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఒకసారి తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో రాత్రి డ్యూటీ. వార్డులో ఇద్దరు మునెమ్మలు. మన జిల్లాలో మునెమ్మలు, మునిరత్నాలు, వెంకటమ్మలు లేని వార్డు ఉండదు కదా. పద్నాలుగో మంచం మునెమ్మకు ఒళ్ళు నీరు పట్టింది, నీరు తీసే ఇంజక్షన్ రాశారు. ఆ మంచం మీద ఫ్యాను తిరగడం లేదని మధ్యాహ్నం ఆమెను పదిహేడో మంచానికి మార్చి, రెండో మునెమ్మను పద్నాలుగులో పడుకోబెట్టారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను పద్నాలుగో మంచం దగ్గరికి పోయి ‘మునెమ్మా’ అన్నాను. ‘ఆఁ’ అంది. చెయ్యి చాపింది. ఇంజక్షన్ చేసేశాను. గంటలో ఆమెకు నాలుగుసార్లు ఒంటేలు వచ్చి, బీపీ పడిపోయి, కళ్ళు తిరుగుతున్నాయంది. డ్యూటీ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన వెంటనే సెలైన్ పెట్టించారు. తెల్లారేసరికి కుదుటపడింది.

కానీ రిపోర్టు పుస్తకంలో నేను ఆ సంగతి రాయలేదు. మెమో ఇస్తారని, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. రెండు నెలల తర్వాత అదే వార్డులో ఇంకో సిస్టర్ ఒక లక్ష్మమ్మ మాత్రలు ఇంకో లక్ష్మమ్మకు ఇచ్చింది. నేను ఆ రోజే రాసి ఉంటే, మంచం నంబరు చూసి మందు ఇవ్వకూడదు, పేరుతో పాటు ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికిచ్చే నంబరు) కూడా చూడాలి అనే పద్ధతి ఆ వార్డులోకి రెండు నెలల ముందే వచ్చి ఉండేది. మొదటి తప్పు కంటే ఆ రాయకపోవడమే నన్ను ఇన్నేళ్ళూ బాధిస్తోంది.

ఇది మన ఊళ్ళ సమస్య మాత్రమే కాదు. వైద్యం చేయించుకునే ప్రతి పది మందిలో ఒకరికి ఆ వైద్యంలోనే ఏదో ఒక హాని జరుగుతోందని, అందులో సగానికి పైగా ఆపగలిగినదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందుల దగ్గర జరిగే పొరపాట్లు అందులో పెద్ద భాగం. 2019 నుంచి ఏటా సెప్టెంబరు 17ను రోగుల భద్రతా దినంగా జరుపుతున్నారు. 2023లో ఆ దినానికి ఎంచుకున్న విషయం ఏమిటో తెలుసా? రోగులనూ, వాళ్ళ కుటుంబాలనూ ఈ పనిలో భాగస్వాములను చేయడం, వాళ్ళ మాట వినడం. అంటే ఆ రాత్రి మీరు చేసిన పనే. మీ ఇంటాయనకు ఈ సంగతి చెప్పండి.

ఆసుపత్రిలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి రోగి మారేటప్పుడు. ఒక డ్యూటీ నుంచి ఇంకో డ్యూటీకి, వార్డు నుంచి ఆపరేషన్ థియేటర్‌కు, థియేటర్ నుంచి ఐసీయూకు, ఆసుపత్రి నుంచి ఇంటికి. మీ నాయన విషయంలో జరిగిన రెండూ అలాంటి చోటే జరిగాయి, గమనించారా? ఇన్సులిన్ సంగతి డ్యూటీ మారినప్పుడు. మాత్రల సంగతి ఇల్లు చేరినప్పుడు. సిస్టర్లు మారతారు, డ్యూటీ డాక్టర్లు మారతారు. మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉండేది మీరు. మీకు వైద్యం తెలియకపోవచ్చు, ఎన్ని గంటలకు ఏం జరిగిందో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కాబట్టి ఈసారి పోయేటప్పుడు ఒక రూళ్ళ నోటు పుస్తకం, పెన్ను సంచిలో వేసుకోండి. మందు పడిన ప్రతిసారీ ఒక్క వరుస రాయండి. ‘14వ తేదీ, రాత్రి 7-30, అన్నానికి ముందు, షుగరు 212, ఇన్సులిన్ 10 యూనిట్లు.’ అంతే. మందు పేరు తెలియకపోతే సిస్టర్‌నే అడిగి రాసుకోండి. ‘మరిచిపోతానని రాసుకుంటున్నాను సిస్టర్’ అంటే ఎవరూ తప్పుగా అనుకోరు. నా అనుభవంలో, పుస్తకం పట్టుకుని కూర్చున్న మనిషి ఉన్న మంచం దగ్గర మేం కూడా ఇంకొంచెం జాగ్రత్తగా ఉండేవాళ్ళం.

చాలా ఆసుపత్రుల్లో డ్యూటీలు పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి మారతాయి. రోగి దగ్గరుండేవాళ్ళు సరిగ్గా ఆ టైముకే టిఫినుకో అన్నానికో కిందికి పోతారు. మీరు ఆ అరగంట మాత్రం మంచం దగ్గరే ఉండండి. కొత్త సిస్టర్ వచ్చినప్పుడు మీరే ముందుగా చెప్పండి: ‘నాయనకు ఏడున్నరకు ఇన్సులిన్ పడింది సిస్టర్, అన్నం తిన్నాడు.’ వాళ్ళు సిరంజి పట్టుకుని వచ్చాక ఆపడం కంటే ఇలా ముందే చెప్పడం ఇద్దరికీ సులువు. ఎవరి మనసూ కష్టపడదు.

ఏ మందు వేసినా ముందు ‘ఇది ఏం మందు సిస్టర్, ఎవరి పేరు మీద ఉంది?’ అని అడగండి. సిస్టర్ ‘మునిరత్నమేనా?’ అని అడిగితే, మగతలో ఉన్న మనిషి దేనికైనా ‘ఊఁ’ అంటాడు. ‘మీ పేరేంటి?’ అని అడిగి రోగితోనే చెప్పించుకోవాలి, చేతి పట్టీ మీది పేరు, ఐపీ నంబరు చూడాలి. చేరిన రోజే పట్టీ మీద అక్షరాలు సరిగ్గా ఉన్నాయా చూడండి. అదే వార్డులో మీ నాయన పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కుని, ఉంటే ఆ సంగతి సిస్టర్‌కు చెప్పండి. ఏదైనా మందు పడదంటే, పెన్సిలిన్‌కు దద్దుర్లు వచ్చాయనో ఇంకోటో, ఆ మాట కేస్ షీట్ పైన రాశారో లేదో కూడా అడగండి.

ఇక ఇంట్లో జరిగిన సంగతి. మీ అమ్మను ఎవరూ ఏమీ అనకండి. ఆమె ఏ మందు ఏదో రంగును బట్టి, స్ట్రిప్ మెరుపును బట్టి గుర్తు పెట్టుకుని ఉంటుంది. పాతది ఆకుపచ్చ అట్ట, కొత్తది వెండి రంగు అయి ఉంటుంది. రెండూ వేర్వేరు మందులనుకుంది. కొత్త మాత్రలు వేరే కంపెనీవి అయి ఉంటాయి, పెద్ద అక్షరాల్లో ఉండే పేరు మారిపోయి ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది, చూడాల్సింది అది. మీ ఇంట్లో ఉన్న రెండు స్ట్రిప్పులూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మీదా ‘గ్లిమెపిరైడ్’ అనే మాట కనిపించినా నేను ఆశ్చర్యపోను. పాతదాంట్లో అదొక్కటే ఉంటుంది, కొత్తదాంట్లో మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఉంటుంది. మన దగ్గర షుగరు ఉన్నవాళ్ళు విరివిగా వాడే మందులివి. ఆ డోసు రెండింతలై, ఇన్సులిన్ కూడా వేస్తూ ఉంటే తెల్లవారుజామున షుగరు పడిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. బీపీ మాత్రల్లోనూ ఇంతే. టెల్మిసార్టాన్ ఒక స్ట్రిప్పులో విడిగా, ఇంకో స్ట్రిప్పులో ఆమ్లోడిపిన్‌తో కలిపి వస్తుంది. పేర్లు వేరు, మందు అదే.

రేపే ఒక పని చేయండి. ఇంట్లో మీ నాయన వాడే మందులన్నీ ఒక గుడ్డ సంచిలో వెయ్యండి. మాత్రలు, ఇన్సులిన్, కంటి చుక్కలు, గ్యాస్ మాత్రలు, ఎవరో ఇచ్చిన నాటు పొడి, ఆకు కషాయం, ఏదీ వదలకండి. నాటు మందు సంగతి చెబితే డాక్టరు తిడతాడని చాలామంది దాస్తారు. తిట్టినా ఫరవాలేదు, చెప్పండి, వాటిలో కొన్ని షుగరునూ రక్తం గడ్డకట్టడాన్నీ మారుస్తాయి. ఆ సంచి తీసుకుపోయి డాక్టరు ముందు గుమ్మరించి, ఏవి ఆపాలి, ఏవి కొనసాగించాలి, ఏవి కొత్తవి అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకోండి. ఆపమన్నవి ఇంటికి తీసుకురావద్దు. ‘ఎప్పుడైనా పనికొస్తాయి’ అని బీరువాలో పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఉంది. మీ నాయన పడిపోయింది ఆ అలవాటు వల్లే.

మాత్రలు వేసేది అమ్మే కాబట్టి, చదవనక్కర్లేకుండా ఆమెకు తెలిసేలా స్కెచ్ పెన్నుతో స్ట్రిప్ మీద గుర్తులు పెట్టండి. పొద్దుటి మాత్ర మీద సూర్యుడు, రాత్రి మాత్ర మీద చంద్రుడు. మెడికల్ షాపులో అయిదో ఆరో మాత్రలు కత్తిరించి ఇస్తుంటారు, ఆ ముక్క మీద పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే పేరున్న ముక్కే ఇమ్మనండి. మాత్రలు వాడేటప్పుడు కూడా పేరున్న వైపు చివరికి మిగిలేలా వాడండి.

ఇన్సులిన్ దగ్గర ఇంకొక పెద్ద పొరపాటు జరుగుతుంది. మన దగ్గర దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా ‘40 ఐయూ’వి. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. ‘100 ఐయూ’ అని ఉన్న సీసాలు కూడా వస్తాయి. వాటికి నారింజ రంగు మూత సిరంజి. తారుమారైతే ఏమవుతుందో చూడండి. 100 ఐయూ సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో పది గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది పది యూనిట్లు కాదు, ఇరవై అయిదు. అటూ ఇటూ అయితే, అంటే 40 ఐయూ సీసాకు నారింజ మూత సిరంజి వాడితే, పదికి బదులు నాలుగే పడుతుంది, షుగరు దిగదు, పుండు మానదు. సీసా కొన్నా సిరంజి కొన్నా షాపులోనే రెండూ చేతిలో పెట్టుకుని నంబర్లు కలుపుకోండి. ఒక్క నిమిషం పని.

మళ్ళీ ఎప్పుడైనా చెమటలు, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే, మిషన్ ఉంటే షుగరు చూడండి. 70 కంటే తక్కువుంటే, లేదా చూసే వీలు లేకపోతే, మెలకువగా ఉన్న మనిషికి మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్ళీ చూడండి, తక్కువే ఉంటే ఇంకోసారి ఇవ్వండి. తేరుకోగానే ఏదైనా తినిపించండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వల్ల పడిపోయిన షుగరు కొన్ని గంటల తర్వాత మళ్ళీ పడొచ్చు, ఆ రోజంతా కనిపెట్టి ఉండాలి, డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చెయ్యండి. మొన్న పడినప్పుడు తలకు దెబ్బ తగిలిందేమో, అప్పట్నుంచి తలనొప్పి గానీ మత్తు గానీ ఉందేమో కూడా అడిగి చూడండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్న మనిషైతే తప్పక చూపించాలి.

ఇంకొక మాట. మొన్న ఇంట్లో జరిగింది ఆపరేషన్ చేసే డాక్టరుకు, మత్తు డాక్టరుకు చెప్పండి. మన ఇంట్లో జరిగిన పొరపాటే కదా అని దాచవద్దు. నేను రిపోర్టు పుస్తకంలో రాయకుండా దాచినదానికీ దీనికీ తేడా లేదు.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ థియేటర్ల కోసం ఒక చెక్‌లిస్టు తయారు చేసింది. పందొమ్మిది అంశాలు, ఒక్క పేజీ. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కత్తి పెట్టే ముందు ఒకసారి, రోగిని థియేటర్ నుంచి బయటికి తెచ్చే ముందు ఒకసారి అందరూ ఆగి, గట్టిగా పైకి చదివి సరిచూసుకోవాలి. ఈ మనిషి ఎవరు, ఏ ఆపరేషన్, ఏ వైపు, ఏ మందులు పడవు, గుడ్డలూ సూదులూ లెక్క సరిపోయిందా. చూడటానికి చిన్న సంగతులే. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో ఏడున్నర వేలకు పైగా రోగుల మీద దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ తర్వాత చనిపోయేవాళ్ళు నూటికి ఒకటిన్నర ఉన్నది 0.8కి తగ్గింది. ఇతర ఇబ్బందులు నూటికి 11 నుంచి 7కు తగ్గాయి. కొత్త మిషన్లు లేవు, కొత్త మందులు లేవు, పైకి అడగడం, పైకి చెప్పడం, అంతే.

‘ఇక్కడ ఆ చెక్‌లిస్టు వాడతారా సార్?’ అని మీరు ముందే అడగొచ్చు. ఏ మంచి సర్జనూ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు, మీ నాయన పూర్తి మెలకువగా ఉన్నప్పుడే, ఏ కాలు, ఏ వేలు అనేది ఆయనతో చెప్పించి పెన్నుతో గుర్తు పెట్టమని అడగండి. షుగరు పుండుకు కట్టు కట్టి ఉంటే ఏ వేలో బయటికి కనిపించదు. సమ్మతి కాగితం మీద సంతకం కూడా ఆయనదే. మనిషి స్పృహలో, మతి స్థిమితంగా ఉన్నప్పుడు కొడుకో అల్లుడో సంతకం పెడితే సరిపోదని 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల స్పష్టమైంది. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పించుకోండి. ఏం చేస్తారు, చెయ్యకపోతే ఏమవుతుంది, వేరే దారి ఉందా, ఏ ఇబ్బందులు రావచ్చు. ‘ఇక్కడ పెట్టు’ అని వేలితో చూపిస్తే పెట్టెయ్యవద్దని ఆయనకు చెప్పండి.

ఆపరేషన్ రోజు పొద్దున విషయం కాగితం మీద రాయించుకోండి. పరగడుపున ఉన్న మనిషికి ఇన్సులిన్ వెయ్యాలా వద్దా, వేస్తే ఎంత, షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఏం చెయ్యాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపాలో వద్దో వాళ్ళే చెప్పాలి. మన అంతట మనం ఆపితే గుండెకు ప్రమాదం.

మన తిరుపతిలో ఆపరేషన్ రోజు పొద్దున చుట్టాలు కొండ దిగి నేరుగా వార్డుకొస్తారు. చేతిలో లడ్డూ, తీర్థం. ‘స్వామి తీర్థమే కదా, ఒక్క చుక్క’ అని నోట్లో పోస్తారు, ఒక చిటికెడు లడ్డూ పెడతారు. భక్తిని తప్పు పట్టను, నేనూ ప్రతి శనివారం గోవిందరాజస్వామి గుడికి పోయే మనిషినే. కానీ కడుపులో ఏమైనా ఉంటే మత్తు ఇచ్చినప్పుడు అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం మీదికి వస్తుంది. తీర్థం తల మీద చల్లండి, లడ్డూ ఆపరేషన్ అయ్యాక షుగరు చూసి, డాక్టరు సరేనన్నాకే. పొరపాటున ఏమైనా తిన్నా తాగినా థియేటర్‌లోకి పోయే ముందు చెప్పెయ్యండి. ఆపరేషన్ కాసేపు వాయిదా పడుతుంది, అంతే కదా.

చేతులు కడుక్కోవడం గురించి ఎక్కువ చెప్పను. పుండు కట్టు విప్పేవాళ్ళు ముందు చేతులు శుభ్రం చేసుకున్నారా అని చూడండి, మీరూ చేసుకోండి. పరామర్శకు వచ్చే పదిమందినీ మంచం మీద కూర్చోనివ్వకండి.

కంప్లైంట్ సంగతి అడిగారు. ఆ సిస్టర్ పేరు పెట్టి ఆమె మీద కంప్లైంట్ ఇవ్వవద్దని నా సలహా. ఆమెకు మెమో వస్తుంది, ఖాళీ గడి అలాగే ఉంటుంది, రేపు ఇంకో రోగికి అదే జరుగుతుంది. కానీ ఊరికే వదిలెయ్యనూ వద్దు. ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఒక ఉత్తరం రాయండి. ఏ తేదీ, ఏ టైము, ఏం జరిగింది, ఎలా ఆగింది. ఇన్సులిన్ వేసిన వెంటనే రాసే పద్ధతి, డ్యూటీ మారేటప్పుడు మంచం దగ్గరే నిలబడి ఒకరికొకరు అప్పగించే పద్ధతి పెట్టమని కోరండి. హాని జరగకపోయినా, జరగబోయి ఆగిన సంఘటనలను కూడా రాసిపెట్టి కారణం వెతకడం ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరీక్షించే సంస్థ) గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో తప్పనిసరి. మీ ఉత్తరం వాళ్ళకు పనికొస్తుంది. ఉత్తరం ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

నిజంగా హాని జరిగి, ఆసుపత్రి వాళ్ళు మాట దాటేస్తే అప్పుడు దారి వేరు. కేస్ షీట్ కాపీ రాతపూర్వకంగా అడగండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. చిత్తూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ళలోపు కేసు వెయ్యాలి. అయితే ఫలితం బాగా రాలేదన్నంత మాత్రాన నిర్లక్ష్యం కిందికి రాదు, 2005లో ఇంకో తీర్పులో కోర్టు ఆ మాట కూడా గట్టిగా చెప్పింది. మందు వల్ల ఒళ్ళంతా దద్దుర్లో, వాపో వస్తే మందుల దుష్ప్రభావాలు నమోదు చేసుకునే 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఎవరైనా ఫోన్ చేసి చెప్పొచ్చు. వార్డులో అరుపులు, అద్దాలు పగలగొట్టడం మాత్రం వద్దు. ఆ గొడవ చూసిన నర్సు తర్వాత తన తప్పును ఎవరికీ చెప్పదు. అలా చెప్పలేక భయపడిన నర్సును నేను.

మీ ఇంటాయన మాటకు వస్తాను. ఆయన భయం ఉత్తదే అని నేను అనను. అడిగితే ముఖం మాడ్చుకునే సిబ్బంది ఉన్నారు, నేను వాళ్ళతో కలిసి పని చేశాను. కానీ ముఖం మాడ్చుకుంటే మనకు పోయేదేమీ లేదు, రెండో డోసు పడితే మనిషే పోతాడు. ఆయన్ను కూడా రాత్రి కాపలాకు కూర్చోబెట్టండి. ఒక రాత్రి మీరు, ఒక రాత్రి ఆయన. నోటు పుస్తకం ఆయన చేతికివ్వండి. నిద్ర లేక తూగుతున్న మనిషి కూడా పొరపాటు చేస్తుంది తల్లీ, అది నర్సయినా కూతురైనా. మీరు పడుకోవాలి.

ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జ్ కాగితం ఇచ్చే రోజు మీ అమ్మను కూడా తిరుపతికి తీసుకుపోండి. బస్సు టికెట్ దండగ అనుకోవద్దు. సిస్టర్ మందులు వివరించేటప్పుడు అమ్మను మంచం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక్కో స్ట్రిప్ ఆమె చేతికిచ్చి, ఇది దేనికి, ఎప్పుడు, అన్నానికి ముందా తర్వాతా అని ఆమెతోనే తిరిగి చెప్పించండి. ఎక్కడైనా తప్పు చెబితే సిస్టర్‌ను మళ్ళీ చెప్పమనండి. అన్నీ సరిగ్గా చెప్పాకే సంచి సర్దండి.